వర్తక సరళీకరణ – పరిశ్రమాంతర్గత వర్తకం

రికార్డో సిద్ధాంతంలో ఒక దేశం వస్త్రాన్ని ఎగుమతి చేసి, వైన్‌ను దిగుమతి చేసుకోవడం మీరు చదివారు. మరి ఒకే దేశం కార్లను ఎగుమతి చేస్తూ కార్లనే దిగుమతి చేసుకుంటే? ఇలా ఒకే పరిశ్రమ వస్తువులు రెండు దిశల్లోనూ కదలడాన్ని పరిశ్రమాంతర్గత వర్తకం అంటారు.

దీన్ని కొలవడానికి గ్రూబెల్–లాయిడ్ సూచికను వాడతారు. ఎగుమతి, దిగుమతి విలువల తేడాను వాటి మొత్తంతో భాగించి, వచ్చిన ఫలితాన్ని 1 నుంచి తీసివేయాలి. విలువ 0 అయితే వర్తకం ఏకపక్షం. 1 అయితే రెండు వైపులా సమానం.

సుంకాలు తగ్గితే ఈ సూచిక ఎలా మారుతుందో కెనడా మోటారు పరిశ్రమలో చూద్దాం. 1965కు ముందు అక్కడి కర్మాగారాలు సుంకాల రక్షణలో, అమెరికా మార్కెట్టులో పదో వంతు మాత్రమే ఉన్న స్వదేశీ మార్కెట్టు కోసం అనేక మోడళ్లు తయారుచేసేవి. మోడల్ మారినప్పుడల్లా యంత్రాలను ఆపి, సర్ది, మళ్లీ నడపాలి. అందువల్ల శ్రామిక ఉత్పాదకత అమెరికా కంటే సుమారు 30 శాతం తక్కువగా ఉండేది.

1965 జనవరిలో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని, మోటారు తయారీదారులకు సుంకం లేని వర్తకాన్ని అనుమతించాయి. కంపెనీలు కెనడాలో కొన్ని మోడళ్లనే ఎక్కువ సంఖ్యలో తయారుచేసి, మిగిలినవి అమెరికా నుంచి తెప్పించాయి. పెద్ద తరహా ఉత్పత్తి ఆదాలు లభించాయి. కొనుగోలుదారులకు రకాలూ తగ్గలేదు.

మోటారు ఉత్పత్తులలో అమెరికాతో కెనడా వర్తకం (కోట్ల డాలర్లు):
1962: ఎగుమతి 1.6, దిగుమతి 51.9. సూచిక = 1 – (50.3 ÷ 53.5) = 0.06
1968: ఎగుమతి 240, దిగుమతి 290. సూచిక = 1 – (50 ÷ 530) = 0.91

సుంకం తీసేస్తే పరిశ్రమ మూతపడి కార్మికులు వీధిన పడతారన్న భయం సహజమే. వస్త్ర పరిశ్రమ కుదించుకుపోయి వైన్ పరిశ్రమ పెరిగితే నేతకార్మికుడు వృత్తే మార్చుకోవాలి. పరిశ్రమాంతర్గత వర్తకం పెరిగినప్పుడు చాలామంది కార్మికులు అదే పరిశ్రమలో వేరే మోడల్ తయారీకి మారితే సరిపోతుంది. అందుకే సర్దుబాటు బాధ తక్కువని అర్థశాస్త్రవేత్తలు భావిస్తారు.

అయితే ఇది అన్నిచోట్లా జరుగుతుందని అనుకోకండి. కెనడా తన దేశంలో ఉత్పత్తి పడిపోకుండా ఒప్పందంలో షరతులు పెట్టించుకుంది. పైగా రెండు దేశాల ఆదాయస్థాయి, అభిరుచులు దగ్గరగా ఉన్నాయి. ఈ పోలికలు లేని దేశాల మధ్య సరళీకరణ ఒక పరిశ్రమను పూర్తిగా దెబ్బతీయవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక పరిశ్రమ ఎగుమతి 40 కోట్లు, దిగుమతి 60 కోట్లు. సూచిక ఎంత? (జవాబు: 0.8)