దొరల షికారు: తాండూరు నుంచి దక్షిణాఫ్రికా దాకా

తిండి కోసమో, చేను కాపాడుకోవడానికో కాకుండా జంతువు తలనో, కొమ్ములనో, చర్మాన్నో ఇంటికి తెచ్చుకునేందుకు చేసేది ట్రోఫీ వేట. వేటాడే మనిషి చాలాసార్లు ఆ అడవికి కొత్తవాడై ఉంటాడు. దారి చూపేవాళ్లు, అడుగుజాడ పట్టేవాళ్లు, జంతువును తుపాకి ముందుకు తెచ్చేవాళ్లు వేరే ఉంటారు. ఈ రోజుల్లో ఈ వేటకు పేరుమోసినవి దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వే దేశాలు. అయితే అక్కడ డబ్బుకు జరిగే ఏర్పాట్లన్నీ, ధరల పట్టిక ఒక్కటి తప్ప, నూరేళ్ల కిందటే హైదరాబాద్ సంస్థానంలో ఉండేవి.

ఆ సంస్థానంలోని తాండూరు ఇవాళ నాపరాళ్లకు, కందిపప్పుకు ప్రసిద్ధి. 1893 జనవరిలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ నిజాం అతిథిగా వచ్చి పులివేట కోసం విడిది చేసింది ఆ తాండూరులోనే. 1914లో సరయేవోలో ఈయన హత్యతోనే మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు అంటుకుంది. జీవితకాలంలో కొట్టిన జంతువులు, పక్షుల లెక్క రాయించుకున్న మనిషి ఆయన, ఆ లెక్క రెండున్నర లక్షలు దాటింది. ప్రపంచయాత్ర దినచర్యను పుస్తకంగా కూడా అచ్చు వేయించాడు.

విడిదికి తాండూరును ఎంచుకోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వేసిన రైలు మార్గం మీద ఉన్న ఊరది. అతిథులు, డేరాలు, గుర్రాలు, వంటసామగ్రి రైలు దిగిన చోటికి దగ్గర్లోనే అడవి ఉండాలి. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ దంపతులు పులివేటకు వెళ్లిన వరంగల్ వైపు నెక్కొండ కూడా రైల్వేస్టేషన్ ఉన్న ఊరే. చచ్చిన పులి పక్కన ఆ దంపతులు నిలబడ్డ ఫోటో రాజా దీన్‌దయాళ్ స్టూడియోది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫోటోగ్రాఫర్‌గా ఉన్న దీన్‌దయాళ్ పులివేటల ఫోటోలు ఎన్నో తీశాడు. వేట జరిగిందనడానికి చర్మం ఎంత సాక్ష్యమో ఫోటో కూడా అంత సాక్ష్యం. మహబూబ్ అలీ ఖాన్ కూడా పెద్ద వేటగాడు. ముప్పైకి పైగా పులులను కొట్టాడని ప్రతీతి.

అతిథి వచ్చేసరికి పనంతా దాదాపు అయిపోయి ఉండేది. ముందు జాడ తెలిసిన మనుషులు వాగుల ఇసుకలో పులి అడుగులు వెతికి, అది తిరిగే దారులు గుర్తించేవారు. ఆ దారుల్లో అక్కడక్కడా దున్నపోతు దూడలను ఎరగా కట్టి, రోజూ పొద్దున్నే వెళ్లి చూసుకునేవారు. పులి దూడను చంపిందంటే సగం పని అయినట్టే. కడుపునిండా తిన్న పులి ఎండవేళ దూరం పోదు, నీళ్లకు దగ్గరగా ఏదో ఒక పొదలో పడుకుంటుంది. అప్పుడు కబురు విడిదికి వెళ్లేది.

పులి పడుకున్న చోటికి ఒక పక్క మంచె కట్టి అతిథిని కూర్చోబెట్టేవారు. మంచె దగ్గరి గాలి పులి వైపు వీయకుండా చూసుకోవాలి. రెండు పక్కలా చెట్ల మీద మనుషులు ఉండేవారు. పులి దారి తప్పి అటువైపు వస్తే చిన్నగా దగ్గడమో, కొమ్మ మీద తట్టడమో వాళ్ల పని. గట్టిగా అరిస్తే పులి బెదిరి వెనక్కి, అంటే అడవి తోలేవాళ్ల మీదికి తిరుగుతుంది. నాలుగో పక్క నుంచి పదుల కొద్దీ, పెద్ద వేటల్లో వందల కొద్దీ జనం డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ నెమ్మదిగా ముందుకు వచ్చేవారు. పులి పొద వదిలి మంచె ముందుకు వచ్చేది. అతిథి చేయాల్సిందల్లా గురి చూసి మీట నొక్కడమే. గురి తప్పి పులి గాయపడితే మాత్రం ప్రాణాపాయం మంచె మీది మనిషికి కాదు, కాలినడకన ఉన్నవాళ్లకు.

ఈ కాలినడక మనుషులు కూలికి వచ్చినవాళ్లేనని చెప్పలేం. సంస్థానంలో వెట్టిచాకిరి బలంగా ఉన్న కాలమది. అధికారి పర్యటనకు వచ్చినా, దొర వేటకు వచ్చినా మనుషుల్ని, బండ్లను, మేకల్ని, కోళ్లను సమకూర్చడం పటేల్, పట్వారీల బాధ్యత, ఇవ్వడం ఊరివాళ్ల గతి. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం వెట్టికి వ్యతిరేకంగా పని చేసింది. దాని కొనసాగింపైన ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగింది. వేట ముచ్చట్లలో ఫలానా దొర కొట్టిన పులి ఎన్ని అడుగులో ఉంటుంది. దాన్ని తోలుకొచ్చిన వాళ్ల పేర్లు కనిపించడం అరుదు.

పులి కొలతలో కూడా కిటుకు ఉంది. ముక్కు దగ్గర ఒక మేకు, తోక చివర ఒక మేకు పాతి మధ్య దూరం కొలవడం ఒక పద్ధతి. వీపు ఒంపుల వెంట టేపు పరచడం ఇంకో పద్ధతి, ఇందులో కొన్ని అంగుళాలు ఎక్కువ వస్తాయి. వైస్రాయి గారి పులిని కొలిచే టేపులో అడుగుకు పదకొండు అంగుళాలే ఉంటాయని అప్పట్లో ఎగతాళి ఉండేది. రికార్డు జంతువుల కొలతలను లండన్‌లో మొదలైన రోలండ్ వార్డ్ సంస్థ 1892 నుంచి పుస్తకంగా వేస్తోంది. ఆఫ్రికా వేటగాళ్లు ఇప్పటికీ ఆ పుస్తకంలో చోటు కోసం తాపత్రయపడతారు. మన దేశంలో చర్మాలను, తలలను బతికున్నట్టు నిలబెట్టే పనిలో మైసూరు వాన్ ఇంగెన్ సంస్థది పెద్ద పేరు. అది 1999లో మూతపడింది.

స్వాతంత్ర్యం వచ్చాక సంస్థానాలు పోయాయి కానీ వేట పోలేదు. అడవులను షూటింగ్ బ్లాకులుగా విడగొట్టి అటవీశాఖ పర్మిట్లు ఇచ్చేది. విదేశీ వేటగాళ్ల కోసం షికారు కంపెనీలు వెలిశాయి. తర్వాత కేంద్రమంత్రి అయిన విద్యాచరణ్ శుక్లా కూడా అలాంటి కంపెనీ ఒకటి నడిపారు. ఆఫ్రికా తరహా వ్యాపారం మన గడ్డ మీద నిజంగా నడిచింది ఈ ఇరవై ఏళ్లే. జీపులు, సెర్చిలైట్లు వచ్చాక వేట ఇంకా సులువైంది. తెలుగువారిలో విజయనగరం రాజకుమారుడు, క్రికెట్ ఆటగాడు విజ్జీ మూడు వందలకు పైగా పులులను కొట్టినట్టు చెప్పుకున్నారు. 1970లో పులివేటను నిషేధించారు. 1972లో జరిగిన లెక్కలో దేశమంతటా 1,827 పులులే తేలాయి.

ఆంధ్రప్రదేశ్‌తో సహా పదకొండు రాష్ట్రాల శాసనసభలు కోరగా 1972లో పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసింది. ఆ చట్టంతోనే వేట మొత్తం ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు. మొదట్లో అందులో పెద్ద జంతువులకు, చిన్న జంతువులకు వేర్వేరుగా లైసెన్సులు ఇచ్చే వీలుండేది. లైసెన్సు వేటను పూర్తిగా ఎత్తేసింది 1991 సవరణ. పాత ట్రోఫీలు ఉన్నవాళ్లు వాటిని ప్రభుత్వానికి ప్రకటించి యాజమాన్య ధ్రువపత్రం తీసుకోవాలి, అమ్ముకోవడానికి వీల్లేదు.

నిజాం వేట అడవులు చాలావరకు రక్షిత ప్రాంతాలయ్యాయి. మెదక్ దగ్గరి పోచారం 1952లో అభయారణ్యం అయింది. హైదరాబాద్ శివారులో కృష్ణజింకలు తిరిగే మహావీర్ హరిణ వనస్థలి కూడా ఒకప్పటి వేటస్థలమే. నల్లమలలో ఫరహాబాద్ చుట్టూ ఉన్న షికారు అడవి ఇవాళ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. అక్కడ తరతరాలుగా జాడ పట్టడం తెలిసిన చెంచులు ఇప్పుడు పులుల కాపలా పనిలో ఉన్నారు. ఈ మొత్తం కథలో సంతోషించదగ్గ మార్పు ఇదొక్కటే అనిపిస్తుంది.

ఆఫ్రికా ఇంకో దారి పట్టింది. కెన్యా 1977లో వేటను నిషేధించింది. దక్షిణాదిలోని దేశాలు మాత్రం జంతువును భూమి యజమాని చేతికి అప్పగించాయి. నమీబియా 1967లో, జింబాబ్వే 1975లో ఈ మేరకు చట్టాలు తెచ్చాయి. దక్షిణాఫ్రికాలో 1991 చట్టం ప్రకారం, సరైన కంచె ఉన్న పొలంలోని అడవి జంతువు ఆ రైతు సొత్తు. దాంతో పశువులు పెంచే రైతులు వేలమంది జింకలు, అడవిదున్నలు పెంచడం మొదలుపెట్టారు. వేటకు వచ్చే విదేశీయుడు రోజుకింత అని రుసుము కడతాడు, కొట్టిన జంతువుకు విడిగా ట్రోఫీ ఫీజు కడతాడు. గాయపడి తప్పించుకుపోయిన జంతువుకు కూడా డబ్బు కట్టాల్సిందే. వెంట లైసెన్సు ఉన్న వృత్తి వేటగాడు, జాడ పట్టేవాడు, చర్మం ఒలిచేవాడు ఉంటారు. మాంసం చాలావరకు అక్కడే తినడానికో అమ్మకానికో పోతుంది.

దీన్ని సమర్థించేవాళ్లు తెల్ల ఖడ్గమృగాన్ని చూపిస్తారు. పంతొమ్మిదో శతాబ్దం చివర నూరు లోపుకు పడిపోయిన ఆ జాతి తర్వాత వేలల్లోకి పెరిగింది, ఇందులో ప్రైవేటు రైతుల పాత్ర పెద్దదే. ఇదే పద్ధతిలో పుట్టిన చెడ్డ పిల్ల బోను సింహాల వేట. పిల్లప్పటి నుంచి మనుషుల చేతుల్లో పెరిగిన సింహాన్ని కంచె లోపల వదిలి కొట్టించడం. 2015లో జింబాబ్వేలో ఒక అమెరికన్ బాణంతో సెసిల్ అనే సింహాన్ని చంపినప్పుడు ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. నిజానికి కంచెలోని సింహాల కథ అంతకంటే హీనం.

మన కృష్ణజింక కూడా ఈ బజారులో ఉంది. గత శతాబ్దం తొలి భాగంలో అమెరికాలోని టెక్సాస్‌కు తీసుకెళ్లిన జింకలు అక్కడి ప్రైవేటు పశుక్షేత్రాల్లో పెరిగి, ఇప్పుడు డబ్బు కట్టినవాళ్ల వేటకు అందుబాటులో ఉన్నాయి. ఇక్కడ దాన్ని కొడితే జైలు. మరోవైపు మన దేశంలో 1952లో అంతరించినట్టు ప్రకటించిన చీతాలు 2022, 2023లలో నమీబియా, దక్షిణాఫ్రికాల నుంచి మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయ పార్కుకు వచ్చాయి. దక్షిణాఫ్రికా చీతాల్లో ప్రైవేటు రిజర్వుల నుంచి వచ్చినవి ఉన్నాయి.

తెలంగాణ పల్లెల్లో ఇప్పుడు తుపాకి మోతకు చట్టం ఒప్పుకునేది ప్రధానంగా అడవిపందుల విషయంలోనే. పంటలు పాడు చేసే పందులను అటవీశాఖ జాబితాలోని షూటర్ల చేత అనుమతి తీసుకుని కొట్టించవచ్చు. కళేబరాన్ని పూడ్చిపెట్టాలి. అలా చచ్చిన జంతువు చట్టం ప్రకారం ప్రభుత్వ ఆస్తి, కోర ఒక్కటి గుర్తుగా ఉంచుకున్నా నేరమే.