అర్ధవీడు దారుల్లో చిన్న సరకు వాహనం: నడక, బరువు, భద్రత

మార్కాపురం జిల్లాలో నల్లమల అంచున ఉన్న అర్ధవీడు మండలంలో పంట మార్కెట్టుకు చేరే దారి ఒకే తీరుగా ఉండదు. పొలం నుంచి ఊరి వరకు డొంక, అక్కడి నుంచి ఇరుకైన తారు రోడ్డు, నడుమ వాగుల మీద చప్టాలు, కంభం చేరిన తరువాత అనంతపురం–గుంటూరు జాతీయ రహదారి. ఇన్ని రకాల దారుల మీద ఒకే వాహనం, ఒకే రోజున, వెళ్ళేటప్పుడు నిండుగాను, వచ్చేటప్పుడు ఖాళీగాను నడవవలసి ఉంటుంది. ఒకప్పుడు ఎద్దుల బండి, తరువాత ట్రాక్టరు ట్రాలీ చేసిన ఈ పనిలో పెద్ద భాగాన్ని నేడు చిన్న సరకు వాహనాలు చేపట్టాయి.

2005లో టాటా సంస్థ విడుదల చేసిన ఏస్‌తో ఈ తరగతి వాహనాలు మన దేశంలో స్థిరపడ్డాయి. 702 సి.సి. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజను, సుమారు 16 అశ్వశక్తి, ముప్పాతిక టన్ను మోసే శక్తి దాని తొలి రూపం. పల్లెల్లో దీనిని ‘టాటా ఏసీ’ అని పిలవడం పరిపాటి. అందులో ఏసీ లేదన్న సంగతి మే నెలలో మార్కాపురం దారిన నడిపినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2011లో టన్నుంబావు మోసే అశోక్ లేలాండ్ దోస్త్, 2016లో మారుతి సూపర్ క్యారీ వచ్చాయి. అంతకు మించిన బరువుకు బొలేరో పికప్ ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ రేషన్ సరకుల పంపిణీకి 2021 జనవరిలో 9,260 చిన్న వాహనాలను ప్రవేశపెట్టగా, 2025 జూన్ నుంచి ఆ విధానం రద్దయింది.

ఖాళీ బండి, నిండు బండి

ఈ వాహనాల వెనుక ఇరుసు కింద ఉండే కమాను పట్టీలు నిండు బరువును దృష్టిలో పెట్టుకొని తయారైనవి. అందువల్ల ఖాళీగా ఉన్నప్పుడు అవి వంగవు. గతుకు తగిలిన ప్రతిసారీ వెనుక భాగం ఎగురుతుంది. ఎగిరిన చక్రానికి నేల మీద పట్టు ఉండదు. సరకు దించి ఖాళీగా తిరిగి వస్తూ, తొలకరి జల్లుకు తడిసిన రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే వెనుక చక్రాలు బిగిసి బండి పక్కకు జారే ప్రమాదం ఉన్నది. బరువు లేదు కదా అని వేగం పెంచడం ఈ కారణంగానే తప్పు. నల్లరేగడి డొంకలో కూడా ఇదే ఇబ్బంది. ఇంజను శక్తి వెనుక చక్రాలకు అందే బండి ఖాళీగా ఉంటే బురదలో చక్రం తిరుగుతుందే గాని ముందుకు సాగదు. వెనుక ఇరుసు మీద నాలుగైదు ఇసుక బస్తాలు వేసుకొంటే పట్టు దొరుకుతుంది.

నిండు బండి స్వభావం వేరు. గతుకుల మీద నెమ్మదిగా సాగుతుంది, కాని ఆగడానికి ఎక్కువ దూరం తీసుకొంటుంది. వేగం గంటకు 40 కిలోమీటర్ల నుంచి 60కి పెరిగితే బ్రేకులు అణచవలసిన శక్తి రెండుంబావు రెట్లు అవుతుంది. ముప్పాతిక టన్ను బండిలో టన్నున్నర వేస్తే ఆ భారం ఇంకా పెరుగుతుంది. గిద్దలూరు నుంచి నంద్యాలకు నల్లమల మీదుగా వెళ్ళే ఘాట్ రోడ్డులో ఇది ప్రాణాంతకం కావచ్చు. దిగుడంతా బ్రేకు తొక్కుతూ వస్తే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమైనదో దిగేటప్పుడూ అదే గేరులో ఉంచి, ఇంజనే బండిని పట్టి ఉంచేటట్లు చూడాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలే అలవాటు కొందరిలో ఉన్నది. ఆ మిగులు కొన్ని చుక్కలు మాత్రమే.

బరువు సర్దడంలో ఎత్తు మరొక సమస్య. ఏస్ తొట్టి సుమారు ఏడడుగుల పొడవు, ఐదడుగులకు లోపు వెడల్పు ఉంటుంది. 40 కిలోల మిరప బస్తాలు పద్దెనిమిదితోనే పరిమితి దాదాపు పూర్తవుతుంది. పత్తి తేలిక గనుక ఎంత ఎత్తయినా వేయవచ్చునని భావిస్తారు. కాని ఎత్తయిన లోడు మలుపులో ఒరుగుతుంది, ఈదురుగాలికి ఊగుతుంది. డ్రిప్పు పైపులు, వెదుళ్ళు తొట్టి దాటి వెనుకకు వేలాడితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలిపోతుంది.

పంటకు తగిలే దెబ్బ

అరటి, టమాట, బొప్పాయి వంటి పంటలకు దారిలోని కుదుపే పెద్ద శత్రువు. కుదుపు వెనుక ఇరుసుకు అవతలి భాగంలోను, పై వరుసలోను అధికం. కనుక బాగా పండిన కాయలను క్యాబిన్ వైపు, కింది వరుసల్లో ఉంచి, పచ్చివాటిని వెనుకకు, పైకి సర్దడం మేలు. 25 కిలోల టమాట పెట్టె, ఖాళీ పెట్టె బరువుతో కలిపి సుమారు 27 కిలోలు తూగుతుంది. ముప్పాతిక టన్నుకు 27 పెట్టెలే సరిపోతాయి. అరటి గెలల కింద, నడుమ ఎండుటాకు పరిచి, పైన తడిపిన గోనెపట్టా కప్పాలి. కుదుపు తగ్గుతుందని టైర్లలో గాలి బాగా దించడం సరికాదు. వేసవి రోడ్డు వేడికి మెత్తని టైరు మరింత వేడెక్కి పగులుతుంది.

వానాకాలంలో గుండ్లకమ్మ, జంపలేరు, వాటిలో కలిసే వాగులు పొంగినప్పుడు చప్టా మీద నీరు మోకాలి లోతు కూడా లేదని దాటబూనడం అపాయకరం. ప్రవహించే నీరు ఖాళీ బండిని సులభంగా తోసివేస్తుంది. నీరు తగ్గేవరకు వేచి ఉండాలి. దాటిన తరువాత కొద్ది దూరం బ్రేకును తేలికగా తొక్కుతూ నడిపితే తడి ఆరుతుంది.

కొనడమా, కిరాయికి తీసుకోవడమా?

ఉదాహరణకు నెలసరి వాయిదా 12,000 రూపాయలనుకొంటే, బండి నెలకు 10 రోజులే తిరిగినప్పుడు రోజుకు 1,200 రూపాయలు వాయిదాకే పోతుంది. 24 రోజులు తిరిగితే 500 రూపాయలే పడుతుంది. డీజిలు, టైర్లు, బీమా దీనికి అదనం. రెండు మూడు ఎకరాల రైతుకు సొంత పంట ఒక్కటే బండిని పోషించలేదు. నలుగురైదుగురు కలిసి పెట్టెలు చేర్చి కిరాయికి పంపుకోవడమే అతనికి లాభం.

అన్నిటికంటె గంభీరమైన విషయం మనుషుల రవాణా. పత్తి తీత, మిరప కోత రోజుల్లో తెల్లవారుజామున ఆడకూలీలను తొట్టిలో నిలబెట్టి పొలాలకు చేర్చడం సర్వసాధారణంగా కనిపిస్తుంది. నిలబడిన మనుషుల బరువు తొట్టి అంచుకన్న పైన ఉంటుంది, మలుపులో అందరూ ఒకేసారి ఒక పక్కకు ఒరుగుతారు. బస్తాలను తాళ్ళతో కట్టవచ్చు, మనుషులను కట్టలేము. ప్రమాదం జరిగితే బీమా కూడా అక్కరకు రాకపోవచ్చు. సరకు వాహనంలో సరకు యజమానికి, అతని ప్రతినిధికి చట్టం బీమా రక్షణ కల్పించినప్పటికీ, ఊరికే ఎక్కించుకొన్న ప్రయాణికులకు బీమా సంస్థ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో స్పష్టం చేసింది. అటువంటప్పుడు నష్టపరిహారం యజమాని మీదే పడుతుంది. అతడు తరచుగా మరొక చిన్న రైతే. కూలీలకు ప్రయాణికుల ఆటో కిరాయి భరించడం కోత ఖర్చులో భాగంగా ముందే లెక్కవేసుకోవాలి.

పరిమితికి మించి సరకు వేస్తే 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు. లైసెన్సు విషయంలో మాత్రం రైతుకు ఊరట ఉన్నది. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు గలవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను వేరే అనుమతి లేకుండా నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. బండి ఇంటివద్దకు వచ్చిన రోజునే రిజిస్ట్రేషను పత్రంలోని మొత్తం బరువు, ఖాళీ బరువు చూసి, రెండింటి తేడాను తొట్టి తలుపు మీద రంగుతో రాయించడం మంచిది.