దుకాణం మన దగ్గర నడుస్తుంది, ఇంగ్లీషులో పరుగెత్తుతుంది

గత నెల పేరెంట్-టీచర్ మీటింగుకి ఆరో తరగతి బాబు వాళ్ల అమ్మగారు ఒక నోట్‌బుక్ తీసుకొచ్చారు. ప్రతి పేజీలో ఎడమవైపు ఇంగ్లీష్ మాట, కుడివైపు తెలుగు అర్థం. ‘‘మీనింగ్స్ అన్నీ నోటికి వచ్చేశాయి మేడమ్. పేపర్లో పేరాగ్రాఫ్ ఇస్తే మాత్రం అర్థం కావట్లేదంటాడు’’ అన్నారు. ఆ నోట్‌బుక్‌లో ‘రన్’ అన్న మాట ఎదురుగా ‘పరుగెత్తు’ అని ఉంది. అది తప్పేమీ కాదు. కానీ యూనిట్ టెస్టులో ఇచ్చిన పేరాలో ఒకాయన చార్మినార్ దగ్గర ముప్పై ఏళ్లుగా గాజుల దుకాణం ‘రన్’ చేస్తున్నాడు. ఆయన ఏం చేస్తాడన్న ప్రశ్నకు బాబు రాసిన జవాబు, ఆయన ముప్పై ఏళ్లుగా పరుగెత్తుతున్నాడని.

మొదట నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. రోజుకు పది మాటలు, పది అర్థాలు రాసుకు రమ్మనే హోంవర్క్ నేను కూడా చాలా ఏళ్లు ఇచ్చాను. ఆ పద్ధతి పెన్ను, పుస్తకం, మామిడిపండు లాంటి వస్తువుల పేర్లకు బాగానే పనిచేస్తుంది. క్రియల దగ్గరికి వచ్చేసరికి, అందులోనూ బాగా చిన్నవి, బాగా వాడుకలో ఉన్నవి అయితే, అసలు పనిచేయదు. రన్, టేక్, గెట్, పుట్, సెట్ లాంటివి చూడటానికి ఎల్‌కేజీ మాటల్లా ఉంటాయి. డిక్షనరీలో పేజీలకు పేజీలు ఆక్రమించేవి ఇవే.

ఎంత చోటు ఆక్రమిస్తాయో ఒక ఉదాహరణ చెప్తాను. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1989 ముద్రణలో అతి పొడవైన మాట ‘సెట్’. క్రియగా దానికి 430 అర్థాలు ఇచ్చారు. తర్వాత కొత్త ముద్రణ కోసం మాటలన్నిటినీ తిరగరాస్తూ పోతే ‘రన్’ దాన్ని దాటేసింది. ఆ ఒక్క క్రియను సరిచూడటానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది. ఆయన లెక్క తేల్చిన అర్థాలు 645.

ఈ అంకె చూసి కంగారు పడొద్దు. పైన నేను ‘తొమ్మిది నెలలు పట్టింది’ అన్నప్పుడు మీరెవరూ డిక్షనరీ తీయలేదు కదా. చేపలు పట్టడం, నిద్ర పట్టడం, తుప్పు పట్టడం, చెమట పట్టడం, దయ్యం పట్టడం, డబ్బాలో బియ్యం పట్టకపోవడం, వీటిలో ఒక్కటి కూడా మీకు ఎవరూ జాబితా రాసి నేర్పలేదు. నాలుగేళ్ల పిల్లకు కూడా ఇవన్నీ తెలుసు. దేన్ని పడుతున్నాం, ఎవరికి పట్టింది అన్న చుట్టుపక్కల మాటలే అర్థాన్ని తేల్చేస్తాయి. ఇంగ్లీష్ క్రియ కూడా ఇలాగే నడుస్తుంది. మన పిల్లలు దాన్ని వాక్యంలోంచి ఊడదీసి చూస్తున్నారు, చిక్కంతా అక్కడ వస్తోంది.

ఇప్పుడు మన బహదూర్‌పురాలో జనం ఏమంటారో చూడండి. ‘‘గిరాకీ ఎట్లుంది, దుకాణం మంచిగ నడుస్తుందా?’’ అని తెలుగులో అడుగుతాం. ‘‘దుకాన్ కైసీ చల్‌రీ?’’ అని దక్కనీలో అడుగుతారు. బస్సులు నడుస్తాయి, బస్సాఁ చల్తే. ఫ్యాన్ నడుస్తోంది, పంఖా చల్‌రా. జూపార్కులో టాయ్ ట్రైన్ నడుస్తుంది. ఇవన్నీ ఇంగ్లీషులో ‘రన్’ అవుతాయి. అంటే ఇంగ్లీషువాళ్ల దగ్గర పరుగెత్తేవి మన దగ్గర నడుస్తాయి. తెలుగు ‘నడుచు’, ఉర్దూ ‘చల్నా’ ఈ విషయంలో ఒక జట్టు. ఆ బాబుకు ‘రన్ అంటే పరుగెత్తు’ అని కాకుండా, ‘మీ మామయ్య దుకాణం నడుపుతాడు చూడు, అదే’ అని ఎవరైనా చెప్పి ఉంటే ఆ జవాబు అలా వచ్చేది కాదు.

నీళ్ల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. మూసీ పారుతుంది, తిప్పి ఉంచిన నల్లాలోంచి నీళ్లు కారుతుంటాయి, జలుబు చేస్తే ముక్కు కారుతుంది. మూడింటికీ ఇంగ్లీషులో ‘రన్’ చెల్లుతుంది. నీళ్లకు కాళ్లు లేవు కదా, ఎందుకు పరుగెత్తుతాయి అని ఒక అమ్మాయి నన్ను అడిగింది. మంచి ప్రశ్న. పాత ఇంగ్లీషులో ఈ మాటకు ‘రిన్నన్’ అన్న రూపం ఉండేది, దానికి ప్రవహించడం అనే అర్థం కూడా ఉండేది. దాని చుట్టమైన జర్మన్ మాట ‘రిన్నెన్’కు ఈ రోజుకీ పారడం, కారడం అనే అర్థం. మన ‘పారు’ కూడా అలాంటిదే. కాలువ పారుతుంది, దొంగ పారిపోతాడు. ఒకే మాటలో నీళ్లూ ఉన్నాయి, కాళ్లూ ఉన్నాయి. ఆ అమ్మాయికి ఇది చెప్పాక ఇక వేరే వివరణ అవసరం రాలేదు.

యంత్రాలు వచ్చాక ఈ మాట మరింత విస్తరించింది. రైళ్లు, మరలు, ఫ్యాక్టరీలు, ఆ వెనకే కంప్యూటర్ ప్రోగ్రాములు, అన్నీ ‘రన్’ కిందికే వచ్చి చేరాయి. రోడ్డు కదలదు, అయినా పురానాపూల్ నుంచి మన మీదుగా ఆరాంఘర్ దాకా ‘రన్’ అవుతుంది. ఎన్నికల్లో అమెరికావాళ్లు ‘రన్’ అవుతారు, బ్రిటన్‌వాళ్లు ‘స్టాండ్’ అవుతారు. ఇక్కడ మనం బ్రిటన్ వైపే. కార్పొరేటర్‌గా నిలబడ్డాడంటాం, ‘ఎలక్షన్ మే ఖడే’ అంటారు.

అయితే ఇంటి భాషను అలాగే తీసుకెళ్లి ఇంగ్లీషులో పెడితే కూడా దెబ్బ తింటాం. ‘నడుపు’, ‘చలానా’ అన్న మాటలతో మనం ఆటో నడుపుతాం, సైకిల్ నడుపుతాం, హోటల్ నడుపుతాం. ఉర్దూలో అయితే ఫోన్ కూడా ‘చలాతే’. ఇంగ్లీషు ఈ నాలుగింటికీ నాలుగు మాటలు వాడుతుంది. ఆటోకు డ్రైవ్, సైకిల్‌కు రైడ్, హోటల్‌కు రన్, ఫోన్‌కు యూజ్. ‘ఐ డ్రైవ్ సైకిల్’ అని పిల్లలు రాయడానికి కారణం ఇదే. ఒక పాప వాళ్ల నాన్న గురించి రాస్తూ ఆయన బస్సు ‘రన్’ చేస్తాడని రాసింది. చదివినవాళ్లకు ఆయనకు సొంత బస్సు సర్వీసు ఉందేమో అనిపిస్తుంది. ఆయన డ్రైవర్. ఇలాంటి చోట ఎర్ర పెన్నుతో కొట్టేయడం కన్నా, స్టీరింగు ఎవరి చేతిలో ఉంది, వ్యాపారం ఎవరిది అని రెండు ప్రశ్నలు అడిగితే పిల్లలే సరిచేసుకుంటారు. పాప వెంటనే ‘డ్రైవ్’ అని దిద్దుకుంది.

ఇక ‘రన్’ పక్కన చిన్న మాట చేరితే కథ మళ్లీ మారుతుంది. ‘రన్ అవుట్ ఆఫ్ మిల్క్’ అంటే పాలు అయిపోయాయని. మా పిల్లలకు రనౌట్ అంటే క్రికెట్టే గుర్తొస్తుంది కాబట్టి, పాల ప్యాకెట్ ఎందుకు అవుటయిందో వాళ్లకు ఒక పట్టాన తెలియదు. ‘రన్ ఇంటూ’ అంటే దారిలో అనుకోకుండా ఎదురుపడటం, లేదా వెళ్లి గుద్దుకోవడం. ‘రన్ ఓవర్’ అంటే బండి మీద నుంచి పోవడం. ‘రన్ ఇన్ ద ఫ్యామిలీ’ అంటే వంశంలోనే ఉండటం. ఇవి వరసగా బట్టీ పట్టించే పని పెట్టుకోవద్దు. కథల పుస్తకంలో ఎదురైనప్పుడు ఒక్కోటి చూసుకుంటే చాలు.

క్రికెట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట. అక్కడ మాత్రం మనం ‘రన్’ను ఉన్నదున్నట్టు ‘పరుగు’ చేసుకున్నాం. కానీ మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ 2001లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద చేసిన 281 పరుగుల్లో 44 ఫోర్లు ఉన్నాయి. అంటే 176 పరుగులు పరుగెత్తే అవసరం లేకుండానే వచ్చాయి. మాటకు అసలు అర్థం ఎంత దూరం జరిగిపోతుందో చెప్పడానికి క్లాసులో నేను ఈ లెక్కే వేయిస్తాను. లెక్కల మేడమ్ కూడా సంతోషిస్తారు.

ఇదంతా తల్లిదండ్రుల పేజీలో రాయడానికి అసలు కారణం వేరే ఉంది. ‘‘ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమంటారా? ఉర్దూ, తెలుగు మాన్పించేయమంటారా?’’ అని ప్రతి మీటింగులోనూ కనీసం ఇద్దరు అడుగుతారు. కొన్ని ఇళ్లలో నిజంగానే మాన్పించేశారు. అమ్మకు వచ్చిన నాలుగు ఇంగ్లీష్ వాక్యాలతోనే పిల్లవాడితో మాటలు నడుస్తున్నాయి. అంతకంటే పొడుగు విషయం వస్తే ఇద్దరూ ఊరుకుంటున్నారు. ఇది నాకు నచ్చని సంగతి, గట్టిగానే చెప్తున్నాను. దుకాణం నడవడం, నల్లా కారడం, పాలు అయిపోవడం, ఇన్ని తేడాలు తెలిసిన పిల్లవాడికి ‘రన్’లోని తేడాలు అందుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. ఇంట్లో మాటలు తగ్గిపోతే ఆ ఆధారమే పోతుంది.

మీకు ఇంగ్లీష్ రాకపోయినా ఫర్వాలేదు. పిల్లలు చదువుకునేటప్పుడు ‘ఈ మాటకు అర్థమేంటి’ అని అడగకండి. ‘ఈ వాక్యం మన ఇంట్లో అయితే ఎట్లా అంటాం’ అని అడగండి. జవాబు పొంతన లేకుండా వస్తే మీకే తెలిసిపోతుంది. ముప్పై ఏళ్లు పరుగెత్తిన దుకాణదారుడిని ఏ అమ్మా ఒప్పుకోదు.

ఈ నెల ఆరు, ఏడు తరగతులకు మీనింగ్స్ హోంవర్క్ లేదు. దాని బదులు ‘రన్’ ఉన్న ఆరు వాక్యాలు ఇస్తున్నాం. ఒక్కో వాక్యం కింద, అదే విషయాన్ని ఇంట్లో ఎలా అంటారో పిల్లలు పెద్దవాళ్లను అడిగి రాయాలి. నానమ్మ, దాదీమా చెప్పినది అయితే మరీ మంచిది. మీ ఇంట్లో ఉర్దూ మాట్లాడితే ఉర్దూ లిపిలోనే రాయించండి. మా స్టాఫ్ రూమ్‌లో చదవగలిగినవాళ్లు ఉన్నారు.