మడతకత్తి: ఇరుసుకూ వేలికీ కుదిరే పొత్తు

సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో పరచుకున్న ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ గనుక అక్కడ కత్తి పట్టని చెయ్యి అరుదు. అయినా బొండాలు కొట్టే కత్తికీ, వంటింటి కత్తిపీటకూ అలవాటుపడిన చెయ్యే కొత్తగా కొన్న మడతకత్తి దగ్గర తడబడుతుంది. మిగతా కత్తులలో అలుగు, అంటే కోసే ఇనుప భాగం, ఎప్పుడూ బయటే ఉంటుంది కాబట్టి పని కోతతోనే మొదలవుతుంది. మడతకత్తిలో అలుగు పిడిలో దాగి ఉండి, దానిని వెలికితీయడమే మొదటి పని అవుతుంది; ఆ పనిలో వేళ్లు వాదరకు, అంటే పదునైన అంచుకు, అతి దగ్గరగా కదలవలసి వస్తుంది.

సాధారణమైన జేబుకత్తిలో అలుగు మొదలును పిడికి కలుపుతూ ఒక ఇరుసు ఉంటుంది. పిడి వెన్ను వెంట సాగే ఉక్కుపట్టీ స్ప్రింగులా పనిచేస్తూ ఆ మొదలును ఎల్లవేళలా నొక్కిపట్టి ఉంచుతుంది. అలుగు మొదలుకు చదునైన ముఖాలూ, వాటి మధ్య మూలలూ ఉంటాయి. చదునైన ముఖం స్ప్రింగుకు ఆనినప్పుడు అలుగు నిలకడగా ఉంటుంది, మూల ఆనినప్పుడు స్ప్రింగు పైకి లేవవలసి వస్తుంది గనుక చేతికి బిగువు తగులుతుంది. అందువల్ల తెరిచేటప్పుడు ఆ బిగువు ఒకే తీరుగా ఉండక, క్రమంగా పెరిగి, మూల దాటగానే ఒక్కసారిగా జారిపోయి, అలుగు తనంతట తానే ముందుకు దూకుతుంది. కొత్తవారు బిగువు తగలగానే బలం పెంచుతారు గానీ, బిగువు పోయిన క్షణంలో దానిని తగ్గించరు. మూసేటప్పుడు ఇదే దూకుడు అలుగును పిడిలోకి విసురుతుంది కాబట్టి వేళ్లు తెగే ప్రమాదం అప్పుడు మరింత ఎక్కువ. మూల ఎక్కడ వస్తుందో వేలికి తెలియడమే ఈ విద్యలో ముఖ్యం. బలానిది ఇందులో చిన్న పాత్ర.

ఆ తెలివిడి రెండు చేతులతో, నెమ్మదిగా తెరిస్తేనే వస్తుంది. ఎడమచేతి వేళ్లు పిడిని రెండు పక్కల నుంచి పట్టుకోవాలి గానీ, అలుగు వెలువడే చీలికకు అడ్డంగా ముడుచుకోకూడదు. అలుగు పక్కన వేలిగోరు ఆనించడానికి సన్నని గాడి ఒకటి తొలిచి ఉంటుంది. అది ఇరుసుకు ఎంత దూరంగా ఉంటే అంత తక్కువ బలం సరిపోతుంది. గోటిని అందులో ఆనించి, అలుగును ఇరుసు చుట్టూ తిరిగే వంపులోనే నడిపించాలి. తిన్నగా పైకి లాగితే గోరు విరుగుతుందే తప్ప అలుగు కదలదు. తోటపనిలో గోళ్లు అరిగినవారు అలుగు వెన్నును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గిల్లి పట్టి తెరవడం మేలు.

వేలికి ఎంత నేర్పు వచ్చినా ఇరుసు శుభ్రంగా లేకపోతే కత్తి మొరాయిస్తుంది. కొత్త కత్తిలో రాపిడి ముఖాలు ఇంకా నునుపు తేలి ఉండవు, తయారీ నాటి లోహపు ధూళి కూడా కొంత మిగిలి ఉంటుంది. ఉద్దానంలో దీనికి రెండు స్థానిక కారణాలు తోడవుతాయి. బారువ, భావనపాడు తీరాల ఉప్పుగాలి ఉక్కును త్వరగా తుప్పు పట్టిస్తుంది; పనసకాయ కోసినప్పుడు కారే జిగురు నీటికి వదలక ఇరుసులో చేరి గట్టిపడుతుంది. పనస కోసేవారు ముందుగా చేతికీ కత్తికీ నూనె రాసుకోవడం ఈ జిగురు తెలిసినవారి ముందుచూపే. అయితే కొబ్బరిసీమలో అందరి చేతికీ అందే కొబ్బరినూనె ఇరుసుకు తగినది కాదు, ఎందుకంటే అది చలికి గడ్డకడుతుంది. కుట్టుమిషను నూనె అలా గట్టిపడదు. దానిని ఒక్క చుక్క ఇరుసు దగ్గర వేసి, అలుగును పలుమార్లు తెరిచి మూసి, నల్లగా బయటికి వచ్చే మురికిని గుడ్డతో తుడిచి, మళ్లీ ఒక చుక్క వేయాలి. ఇరుసుకు మరచీల ఉన్న రకమైతే దానిని రవ్వంత వదులు చేయవచ్చు. ఎక్కువ వదిలితే అలుగు అటూ ఇటూ ఊగుతుంది, అది బిగువు కంటే ప్రమాదకరం.

వేలికీ అలుగుకూ మధ్య ఉండవలసిన ఈ నిదానానికి నిదర్శనం కోసం దూరం వెళ్లనక్కర్లేదు, పలాస-కాశీబుగ్గలోని జీడిపప్పు పరిశ్రమలే చాలు. ఉడికించిన జీడిపిక్కను చేతితోనూ కాలితోనూ నడిపే కోతయంత్రంలో పగలగొట్టి, పప్పును ఆరబెట్టి, చిన్న కత్తితో పొట్టు గీయడం అక్కడి పద్ధతులలో ఒకటి. ఇందులో అధిక భాగం స్త్రీల శ్రమ. పిక్క పెంకులో రెండు పొరల మధ్య ఉండే నూనెలోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలు చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తాయి. ఇక పప్పు విరిగితే దాని ధర పడిపోతుంది: పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 320 గింజలకు మించకుండా తూగే పూర్తి పప్పును డబ్ల్యూ-320 రకం అంటారు, ముక్కలు దానికి చాలా దిగువన అమ్ముడుపోతాయి. కత్తి మొన పొట్టు కిందికి చేరాలి, పప్పులోకి దిగకూడదు. బిగువు వదిలిన చోటే చెయ్యి ఆగడమే ఆ పనిలోని నైపుణ్యం, మడతకత్తి తెరిచేవారికి కావలసినదీ అదే. ఇంతటి నేర్పును కూలిపనిగా మాత్రమే లెక్కగట్టడం అన్యాయమని చెప్పక తప్పదు.

తెరవడాన్ని సులువుగా, భద్రంగా చేయడానికి ప్రపంచంలో తయారీదారులు ఎన్నో దారులు వెతికారు. ఫ్రాన్సులోని సవోయి ప్రాంతంలో 1890లో పుట్టిన ఒపినెల్ కత్తికి 1955లో తిప్పి బిగించే లోహపు కంకణం చేరడంతో తెరిచిన అలుగు అనుకోకుండా మూసుకుపోవడం తప్పింది. అమెరికాలోని స్పైడర్కో సంస్థ 1981లో తన తొలి మడతకత్తి అలుగుకు గుండ్రని రంధ్రం పెట్టి, బొటనవేలితో ఒంటిచేత్తో తెరిచే వీలు కల్పించింది. పిడిలోని పల్చని లోహపు రేకు పక్కకు వంగి, తెరిచిన అలుగు మొదలుకు అడ్డుగా నిలిచే రకం నేడు విస్తారంగా దొరుకుతుంది. దీనిని మూయాలంటే ఆ రేకును బొటనవేలితో నెట్టాలి. ఆ క్షణంలో బొటనవేలు సరిగ్గా అలుగు వచ్చే దారిలో ఉంటుంది కాబట్టి, అలుగు కొద్దిగా కదలగానే వేలిని తీసేసి, ఆ తరువాతే వెన్ను పట్టుకొని పూర్తిగా మూయాలి.

ఒంటిచేతి పద్ధతిని రెండు చేతుల పద్ధతి బాగా అలవడ్డాకే, అదీ పొడిచేతులతోనే ప్రయత్నించాలి. చేపల తడిగానీ పనస జిగురుగానీ ఉన్న చేతితో అది తగదు. కీళ్లనొప్పులున్న పెద్దలు గోటిగాడి ఉన్న కత్తికి బదులు రంధ్రమో, బొటనవేలు ఆనే చిన్న బుడిపో ఉన్న కత్తిని ఎంచుకుని, కొనేముందు దుకాణంలోనే తెరిచి, మూసి చూసుకోవడం మంచిది.