చేయి తగలని ముగ్గు

తెల్లవారుజామున వాకిట కళ్ళాపి చల్లి, ఇల్లాలు చుక్కలు పెట్టి ముగ్గు వేయును. చుక్కకు చుక్కకు నడుమ దూరము ఆమె వ్రేళ్ళకు తెలియును. ఏ గీత ఎచ్చట మలుపు తిరుగవలెనో ఆమె మనస్సులో ముందే కలదు. అందుచేత చక్కని వరుస కనబడిన చోట దానిని తీర్చిన చేయి యొకటి ఉండితీరవలెనని మనకు తోచును. కాని గాలి తీర్చిన ఇసుక అలలను సముద్రపుటొడ్డున చూచితిమి; వేసవిలో ఎండిన చెరువు అడుగున బీటలు వారిన మట్టి పలకలను చూచితిమి. అచ్చట చుక్కలు పెట్టినదెవరు? నేటి ప్రసంగమున ఈ ప్రశ్ననే విచారింతము.

1900 సంవత్సరమున ఫ్రెంచి భౌతిక శాస్త్రజ్ఞుడు ఆన్రీ బెనార్ ఒక లోహపు పలకపై సుమారు మిల్లీమీటరు మందము గల ద్రవపు పొరను పరచి, క్రిందినుండి సమముగా వేడిచేసిరి. వేడిమి కొద్దిగా నున్నంతవరకు ద్రవము కదలక, వేడి మాత్రము పైకి ప్రాకెను. ఒక హద్దు దాటగానే పొర అంతయు తేనెపట్టువలె ఆరు మూలల గదులుగా ఏర్పడెను. ప్రతి గదిలోను ద్రవము నడుమ పైకి లేచి, అంచుల వెంట క్రిందికి దిగుచుండెను. వేడెక్కిన ద్రవము తేలికయై లేచుటయే ఇందుకు కారణమని లార్డ్ రాలీ 1916లో గణితముతో వివరించిరి. అయితే ఇంత పలుచని పొరలో ద్రవపు ఉపరితలముననుండు బిగువు, అనగా తలతన్యత, చోటుచోటున మారుటయే ప్రధాన కారణమని 1956, 1958 సంవత్సరములలో వెలువడిన పరిశోధనలు చూపినవి. లేచు ద్రవమునకును దిగు ద్రవమునకును చోటు సర్దుబాటు కాగా మిగిలిన ఆకారమే ఆ తేనెపట్టు. మనము మరువరాని సంగతి ఒకటి కలదు: క్రింది వేడిని ఆపినచో గదులు మాయమగును.

ఈ సంగతి తెలియకపోవుటచే ఒక రసాయన శాస్త్రజ్ఞునకు జరిగిన అన్యాయము మిక్కిలి విచారకరమైనది. సోవియట్ దేశమున బోరిస్ బెలూసొవ్ అను వారు 1951 ప్రాంతమున సిట్రిక్ ఆమ్లము, పొటాసియం బ్రోమేటు, సీరియం లవణములను గంధకామ్లములో కలిపిరి. పసుపు రంగు ఒక్కసారి విరిగి ఊరకుండవలసినది. అట్లు గాక విరిగిన రంగు మరల వచ్చెను; మరల విరిగెను; గడియారము కొట్టుకొనినట్లు సాగెను. ఆయన వ్యాసము వ్రాసి పంపగా, అట్టిది అసాధ్యమని పత్రికవారు త్రిప్పి పంపిరి. కొండ దిగిన రాయి తనంత తాను మరల కొండ నెక్కునా యని వారి వాదము. కలిపి చూచుటకు ఒక గాజుపాత్ర చాలును. కాని వాదించుట చూచుటకంటె సులభమయ్యెను. తుదకు 1959లో, రేడియేషన్ వైద్యమునకు సంబంధించిన ఒక సంక్షిప్త సంపుటిలో ఆయన చిన్న టిప్పణము వెలువడెను.

ఆ వాదములో పొరపాటెక్కడ? రాయి ఎక్కుట లేదు. పాత్రలోని పదార్థము మొత్తముమీద క్రమక్రమముగా ఖర్చగుచునే యున్నది. నడుమ పుట్టి గిట్టు పదార్థములు మాత్రమే ఊగుచున్నవి. మన రేడియో సెట్టులోని డోలకము మాటయు ఇంతే. కరెంటు అందినంతసేపు అందులోని విద్యుత్తు ఊగుచుండును. కరెంటు పోయిన ఆగిపోవును. శక్తి నిలువ నీరువలె గాక కాలువ నీరువలె పారుచున్నచోట కొత్త క్రమము పుట్టగలదను ఈ సత్యమునకు సిద్ధాంతరూపము నిచ్చిన బ్రస్సెల్స్ ఆచార్యుడు ఇల్యా ప్రిగోజిన్‌కు 1977లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను.

1961లో మాస్కోలో అనతోలి జబొతిన్‌స్కీ అను యువ పరిశోధకుడు బెలూసొవ్ ప్రయోగమును తిరిగి చేపట్టిరి. అదే రకపు మిశ్రమమును పలుచగా పరచి కదలక ఉంచినచో ఊగిసలాట కాలములోనే గాక స్థలములోను కనబడునని, చెరువులో రాయి వేసినట్లు వలయములు వ్యాపించునని, ఆయనయు జాయ్‌కిన్ అను వారును 1970లో ప్రకటించిరి. బెలూసొవ్ ఆ యేడే మరణించిరి. 1980లో లెనిన్ బహుమానము ఈ పరిశోధకులకు ఈయబడినపుడు ఆయన పేరును అందు చేర్చిరి. అందుకొనుటకు ఆయన లేరు.

ఆ వలయములు పారిపోవునవి. మరి చిరుతపై మచ్చలవలె నిలిచియుండు గురుతుల మాటేమి? ఇంగ్లండులో గణితశాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్ 1952లోనే దీనికి దారి చూపిరి. రెండు పదార్థములు వేర్వేరు వేగములతో వ్యాపించుచు ఒకదానినొకటి ప్రభావితము చేసినచో, ఏకరీతిగా నున్న చోట చారలు, మచ్చలు తమంత తామే ఏర్పడవచ్చునని ఆయన లెక్క. పోలికకు ఆఫ్రికాలోని నైజర్ దేశపు మెట్టభూములను చూడుడు. పొద తన మొదట నీడను, చెమ్మను నిలిపి ప్రక్క మొలకకు సాయపడును. కాని చుట్టుప్రక్కల నీటిని తానే లాగుకొని దూరపు మొలకను ఎండగట్టును. దగ్గర సాయము, దూరమున అడ్డు. అందుచేతనే విమానమునుండి ఆ పొదలు పులిచారలవలె కనబడును. ట్యూరింగ్ 1954లో మరణించిరి. ఆయన చెప్పిన చారలు రసాయన ప్రయోగమున మొదటిసారి కనబడినది 1990లో, ఫ్రాన్సులోని బోర్డో నగరమున.

ఇదంతయు వినోదమేనా? కాదు. మన గుండె కండరముపై సాగు విద్యుత్తరంగము ఈ రసాయన తరంగములకు బంధువే. తరంగము సక్రమముగా సాగినపుడు గుండె చక్కగా కొట్టుకొనును. ఏ కారణముననో అది తెగి, సుడి తిరిగి, సుళ్ళు సుళ్ళుగా చీలినచో గుండె కొట్టుకొనక వణకును. నిమిషములలో ప్రాణము పోవచ్చును. వైద్యులు విద్యుదాఘాత మిచ్చునది ఆ సుళ్ళనన్నిటిని ఒక్కసారి చెరిపి, గుండె తన లయను తాను మరల అందుకొనుటకే. ఒకనాడు అసాధ్యమని త్రోసివేయబడిన గాజుపాత్ర, ఆ సుళ్ళ స్వభావమును తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు అద్దమైనది.

శ్రోతలు దీనిని ఇంటనే కొంత చూడవచ్చును. పాలు కలపని వేడి కాఫీ డికాషన్‌ను వెడల్పైన పళ్ళెములో పోసి, ఏటవాలు వెలుతురున నిదానముగా చూడుడు. పైని సన్నని ఆవిరి తెర గదులుగా విడివడి, నడుమ నల్లని గీతలు కదలాడును. డికాషన్ చల్లారుకొలది ఆ గీతలు చెరిగిపోవును. అందుచేత ముందుగా చూచి, తరువాతనే త్రాగుడు.