చల్లటి ఇంజిన్, అలసిన బ్యాటరీ

రాత్రంతా ఆపి ఉంచిన ఇంజిన్ ఎండాకాలపు ఉదయాన కూడా చల్లటిదే. నడిచేటప్పుడు దాని కూలెంట్ 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది; తెల్లారేసరికి 30కి దిగిపోతుంది. చల్లటి లోహం మీద పడ్డ పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు, కొంత గోడలకే అంటుకుంటుంది. అందుకే స్టార్ట్ చేసేటప్పుడు ఇంధనం ఎక్కువ పోయాలి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో డ్రైవరు చోక్ లాగి ఆ పని చేసేవాడు. ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇసియు అనే కంప్యూటరు కూలెంట్ ఉష్ణోగ్రతను బట్టి చేస్తుంది. షోరూం కారులో ఆ లెక్కలు ముందే వేసి ఉంటాయి. పెద్ద ఇంజెక్టర్లు వేయించినవారు, వేరే ఇసియు బిగించుకున్నవారు మాత్రం వాటిని కొత్తగా కూర్చుకోవాలి. కోల్డ్ స్టార్ట్ ట్యూనింగ్ అంటే ఇదే.

ఈ పని బ్యాటరీని మామూలు వాడకం కన్నా ఎక్కువ పీలుస్తుంది. స్టార్ట్ అయిన కాసేపటికే ఇంజిన్ వేడెక్కి పరీక్షకు పనికిరాకుండా పోతుంది కనుక, ఆపేసి, గంటల తరబడి చల్లారనిచ్చి, మళ్లీ సెల్ఫ్ కొట్టాలి. ఇంజిన్ నడిచిన ఆ కొద్దిసేపట్లో ఆల్టర్నేటర్ తిరిగి నింపేది స్వల్పం.

దోషమంతా సెల్ఫ్ మోటారు మీద వేయనక్కర్లేదు. అది 150 ఆంపియర్లు లాగినా, పది సెకన్లలో ఖర్చయ్యేది సుమారు 0.4 ఆంపియర్-అవర్లే. లాప్‌టాప్‌లో అంకెలు దిద్దుతూ తాళం ఆన్‌లోనే ఉంచితే, ఇసియు, లైట్లు, ఫ్యాన్ కలిసి 5 ఆంపియర్లు వాడుకున్నాయనుకున్నా, గంటకు 5 ఆంపియర్-అవర్లు పోతాయి. పన్నెండుసార్లు సెల్ఫ్ కొట్టినంత ఖర్చు అది. చిన్న కార్లలో చాలావాటి బ్యాటరీ సామర్థ్యమే 35 ఆంపియర్-అవర్లు.

బ్యాటరీ దిగిపోతే కారు కదలదన్నది అందరికీ తెలిసిందే. ట్యూనింగ్‌లో అంతకన్నా చిక్కైన నష్టం ఒకటుంది: అంకెలే తప్పుతాయి. ఇంజెక్టర్‌కు కరెంటు అందిన క్షణం నుంచి అది తెరుచుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. వోల్టేజీ తగ్గేకొద్దీ ఆ వ్యవధి పెరుగుతుంది. అంటే ఇసియు అదే ఆదేశం ఇచ్చినా సిలిండర్‌లో పడే పెట్రోలు తగ్గిపోతుంది. పెట్రోలు పంపు నెమ్మదిస్తుంది, ఇగ్నిషన్ కాయిల్ నిండడానికి ఎక్కువ సమయం కావాలి, ఇంజిన్ తిరిగే వేగమూ పడిపోతుంది. ఇదంతా ఇంధనం చాలకపోవడం లాగే కనిపిస్తుంది. ట్యూనర్ పెట్రోలు పెంచుతాడు, బండి అందుకుంటుంది. మర్నాడు నిండు బ్యాటరీతో అదే లెక్క ప్లగ్గులను తడిపేస్తుంది. ఇసియులో ఆ లెక్కలుండే ఇంధన పట్టికలో కనిపించే తప్పుల్లో కొన్ని నిజానికి బ్యాటరీవే.

కాబట్టి మల్టీమీటర్‌తో మొదలుపెట్టాలి. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి వచ్చినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు మామూలు వాతావరణంలో 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీనో, టెర్మినళ్లనో, ఎర్త్ తీగనో అనుమానించాలి. తెల్లటి పొడి పట్టిన టెర్మినల్‌ను శుభ్రం చేయడానికి ఖర్చేమీ లేదు. చాలామంది చివరికి చూసేది మాత్రం దాన్నే.

ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య, ఇంజిన్ చల్లారే గంటల్లో, బ్యాటరీ నిండగానే కరెంటును తానే తగ్గించుకునే స్మార్ట్ ఛార్జర్ తగిలించి ఉంచడం అన్నిటికన్నా మంచి పద్ధతి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు పుడుతుంది కనుక గాలి ఆడే చోటు కావాలి. సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో కనీసం అర నిమిషం విరామం ఇస్తే మోటారు కూడా కాలిపోకుండా ఉంటుంది. ప్లగ్గులు తడిసినప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే చాలా ఇసియులు పెట్రోలు ఆపేస్తాయి. సిలిండర్ త్వరగా ఆరుతుంది. సగం దిగిన బ్యాటరీని రోజుల తరబడి వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, పోయిన సామర్థ్యం పూర్తిగా తిరిగి రాదు.

ఆఖరి పరీక్ష ఛార్జర్ లేకుండా చేయాలి. కారు ఒక రాత్రి ఊరికే నిలిచి, ఉదయం తన బ్యాటరీతోనే ఒక్క ప్రయత్నంలో అందుకుంటే ఇంధన పట్టికా, వోల్టేజీ తగ్గినప్పుడు ఇంజెక్టర్ ఆలస్యాన్ని సరిచేసే వోల్టేజీ సవరణ పట్టికా రెండూ కుదిరినట్టే. అందుకోకపోతే ముందు దిద్దవలసింది రెండోదాన్ని.