మీకు తెలుసా? మంద్రస్థాయి మౌతార్గాను

పది రంధ్రములుగల మౌతార్గానులలో సామాన్యముగ ‘జి’ శ్రుతిది మిక్కిలి మంద్రమైనది. దానికంటెను దిగువన ‘లో ఎఫ్’, ‘లో డి’, ‘లో సి’ మొదలగు శ్రుతులవి వేఱుగ నిర్మింపబడుచున్నవి. జర్మనీయందలి హోనర్ సంస్థవారి ‘థండర్‌బర్డ్’ ఇట్టి వాద్యమే. ‘లో సి’ యందు మొదటి రంధ్రమున నూదినపుడు పలుకు స్వరము సెకనునకు సుమారు 131 కంపనములు గలదియై, సామాన్యమైన ‘సి’ వాద్యమున అదే రంధ్రము పలుకు స్వరమునకు ఒక స్థాయి క్రిందనుండును.

ఇంతటి మంద్రస్వరమును అఱచేతిలో నిముడు వాద్యమునందు పలికించుటకై, రీడును, అనగా ఊపిరికి కంపించి స్వరమును పలుకు లోహపు నాలుకను, మిక్కిలి పొడిగింపక, దాని కొనయందు బరువు నిలుపుదురు. బరువెక్కిన కొన మెల్లగ నూగును గనుక స్వరము దిగును. అట్టి రీడు కదలుటకు కొంత తడవు పట్టును గావున, బలముగ నూదినచో మూగపోవును. గొంతు వదులుచేసి, నోటిలోపల చోటు విశాలముగ నుంచి, మృదువైన దీర్ఘశ్వాసతో వాయించినచో గంభీరముగ మ్రోగును.

కొనువారు మొదట ‘లో ఎఫ్’ను ఎంచుకొనుట మేలు, అది ‘జి’కి కొంచెమే దిగువనుండుటచే, అలవాటైన శ్వాసకు సులభముగ లొంగును. ప్రతి రంధ్రమును మెల్లగ నూదియు పీల్చియు, రీడు పైరేకునకు తగిలి గరగరలాడుట లేదని నిశ్చయించుకొనిన పిమ్మటనే వాద్యమును గ్రహింపవలెను.